కడితి వెంట మదురై దాకా

మా అక్క కూతురు సరోజ పెళ్ళికి ఒక జంతువు పేరు అడ్డం వచ్చింది. ఆ పేరు సంగతి తేల్చుకోవడానికి నేను మిల్లులో సెలవు పెట్టి, సింగానల్లూరు నుంచి ఉడుమలైపేటకు, అక్కడి నుంచి మదురైకి వెళ్ళి వచ్చాను. వచ్చి చాలా కాలమే అయింది. అడిగిన వాళ్ళందరికీ నోటితోనే చెబుతూ వచ్చాను. కాని నోళ్ళు మారేకొద్దీ కథ పెరుగుతుంది. మొన్న మిల్లు క్యాంటీనులో ఒకాయన ఈ కథను నాకే చెప్పాడు. అందులో నేను కొండ కింద పులికి ఎదురుపడ్డానట. ఇలాగే వదిలేస్తే వచ్చే ఏటికి ఆ పులిని చంపింది కూడా నేనే అవుతాను. అందుకని జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

ఇంకొక కారణం కూడా ఉంది. కోయంబత్తూరు, మదురై వైపు ఇళ్ళలో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు ఎన్నో తరాలుగా ఉన్నాయి. మాట్లాడతాం గాని చదవలేం. మా బడి అంతా తమిళం. నేను తెలుగు అక్షరాలు నేర్చుకునేటప్పటికి నాకు ఇద్దరు పిల్లలు. స్టేషను బయట కొన్న అక్షరాల పుస్తకం ముందు పెట్టుకుని, నా పెద్దవాడు తమిళం దిద్దుతూ ఉంటే పక్కన కూర్చుని నేను తెలుగు దిద్దాను. అలా నేర్చుకున్న చదువు కాబట్టి దాని మీద నాకు ప్రీతి ఎక్కువ. ఈ యాత్రలో ఆ చదువుకు అందినదేదో, అందనిదేదో కూడా రాయాలి. మా వైపు రాని తెలుగువారు చదువుతారని ఆశ.

సింగానల్లూరు

మా మిల్లుకు ఆదివారం సెలవు. ఆ రోజు నేను టౌను బస్సెక్కి కోయంబత్తూరు గ్రంథాలయానికి వెళతాను. అక్కడ తెలుగు పుస్తకాలకు ఒకే బీరువా. తాళంచెవి తెచ్చే అటెండరు నన్ను చూడగానే "మీ బీరువా తెరవాలా?" అంటాడు. నాకు ఆ మాట వినడం ఇష్టం.

మాలో సంబంధం మాట్లాడేటప్పుడు ఇంటిపేరు తప్పకుండా అడుగుతారు. ఒకే ఇంటిపేరు వాళ్ళు ఒక తండ్రి బిడ్డల లెక్క. వాళ్ళ మధ్య పెళ్ళి లేదు. మా కమలక్క మెట్టినది ఉడుమలైపేటలో కడితి వారింట. అక్కడ కొత్తగా పెట్టిన ఒక చిన్న మిల్లుకు యంత్రాలు బిగించడానికి మదురై నుంచి జగన్నాథన్ అనే ఫిట్టరు వచ్చాడు. అక్కవాళ్ళ వీధిలోనే దిగాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. సరోజకు ఇష్టం, అతనికి ఇష్టం, మా అక్కకు మరీ ఇష్టం. కాని ఆ పిల్లవాడు తమిళ పద్ధతిలో పేరు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం చెబుతూ వచ్చాడే తప్ప ఇంటిపేరు చెప్పలేదు. అతనికి చెప్పాలని తోచలేదు, వీళ్ళకు అడగాలని తోచలేదు. తాంబూలాలకు రోజు చూసే వేళకు సరోజ తాతకు, అంటే మా అక్క మామగారైన రామసామి మామకు, గుర్తుకు వచ్చి అడిగించాడు. "కణుజు వాళ్ళం" అని మదురై నుంచి కబురు వచ్చింది.

కడితి అంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. కొండల్లో తిరిగే పెద్ద జింక. తట్టువు గుర్రమంత ఎత్తు, మగదానికి కొమ్మలు వేసిన కొమ్ములు. కణుజు అంటే మాత్రం ఎవరికీ తెలియదు. "అల్లుడు బుక్కులు చదువుతాడు గదా, అదేందో చూసి చెప్పమను" అని మామ నాకు కబురు పెట్టాడు.

బీరువా తెరిపించి నిఘంటువు తీశాను. కణుజు దగ్గర చూస్తే "కడితి" అని ఉంది. కడితి దగ్గర చూస్తే "కణుజు" అని ఉంది. ఈ ఇంటి ముందు నిలబడి అడిగితే ఆ ఇంటికి పొమ్మన్నారు, ఆ ఇంటికి పోతే ఈ ఇంటికే పొమ్మన్నారు. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తీస్తే రెండింటికీ "ఎల్క్" అని ఉంది. ఎల్క్ అనేది మంచుదేశాల జంతువని ఇంకో పుస్తకంలో చదివాను. మన కొండలకు వచ్చిన దొరలకు ఇంత పెద్ద జింక కనబడేసరికి తమ వైపు పేరే పెట్టేసినట్టున్నారు. తమిళంలో దీన్నే కడమాన్ అంటారు, కన్నడంలో కడవె. కడితి, కడమాన్, కడవె, కణుజు, ఇవన్నీ ఒక తల్లి బిడ్డల్లా కనిపించాయి. కడు అంటే మిక్కిలి గనుక, జింకల్లో మిక్కిలి పెద్దది కాబట్టి ఆ పేరు వచ్చిందేమో అనుకున్నాను. అది నా ఊహే. ఏ పుస్తకమూ దాన్ని అవుననలేదు, కాదనలేదు.

చూసింది చూసినట్టు కార్డు రాసి పంపాను. అక్క ఇంట్లో తెలుగు చదివేవాళ్ళు లేరు కాబట్టి తెలుగు మాటలనే తమిళ అక్షరాల్లో రాశాను. జవాబు కూడా అలాగే వచ్చింది. "రెండూ ఒకటే అయితే వాళ్ళు అన్నాచెల్లెళ్ళంట. మామ సంబంధం వద్దన్నాడు. నీ చదువు సల్లగుండ, ఒకసారి వచ్చి పిల్ల ముఖం చూసి పో."

ఉడుమలైపేట

బస్సులో చదువుకుందామని ఒక తెలుగు పుస్తకం తెచ్చుకున్నాను. పక్కన కూర్చున్న కొబ్బరి వ్యాపారి చాలాసేపు అందులోకి తొంగి చూసి, తమిళంలో అడిగాడు. "ఏం సార్, జాంగిరి పిండినట్టు ఉందే, ఏ భాష?"

తెలుగు అన్నాను. ఆయన నమ్మలేదు. గబుక్కున తెలుగులోకి మారాడు.

"తెలుంగా? మా ఇంట్లో మాట్లాడేది ఇదేనా? ఇది ఇట్లా ఉంటాదా?"

"ఇట్లానే ఉంటుంది."

"మా అమ్మ పేరు రాసి చూపియ్యండి. ముత్తమ్మ."

నా బస్సు టికెట్టు వెనక వైపు రాసి చూపాను. వేలితో ఆ అక్షరాల వంపుల మీదుగా మెల్లగా పోయాడు. "ఏడూ ఎనిమిదీ కలిసి ఆడుకుంటున్నట్టుండాయి" అని నవ్వాడు. దిగేటప్పుడు వద్దంటున్నా వినకుండా నా ఒళ్ళో ఒక కొబ్బరికాయ పెట్టి పోయాడు. ఆయన పేరు అడగడం మరిచాను.

ఉడుమలైపేట చేరేసరికి ఆనమలై కొండల మీది గాలి తగిలింది. మా సింగానల్లూరులో గాలికి నూలు పొట్టు వాసన. ఇక్కడ తడి కొబ్బరిపీచు వాసన. బస్టాండు దగ్గర రెండు ఇడ్లీలు, కాఫీ ఇరవై కొత్త పైసలు. మా క్యాంటీనులో ఇంకా చవకే గాని ఆ కాఫీలో పాలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి.

వాకిట్లో సరోజ ఎండుకొబ్బరి తిరగేస్తున్నది. నన్ను చూసి లేవలేదు.

"రాండి మామా. బుక్కు తెచ్చినారా? ఇంగొక మాట ఏదన్నా ఉంటే అదీ చూసి చెప్పండి. చెల్లెలి పెండ్లి ఇంగా మిగిలుండాది."

"ఉన్నది చెప్పినా పాపా. లేనిది రాయలేదు."

"నా నోట్లో మన్ను కొట్టేదానికా ఇన్ని దినాలు రాత్రీపగలు చదివినారు?" అని మళ్ళీ కొబ్బరి వైపు తిరిగింది. కాసేపటికి తల ఎత్తకుండానే అడిగింది. "ఉన్నది చెప్పినారు, సరి. అంతేనా ఉన్నది?"

నిఘంటువులో అంతే ఉంది.

మధ్యాహ్నం అక్క బియ్యం, కందిపప్పు కలిపి మా కోయంబత్తూరు సీమ కొంగునాడులో వండే అన్నం పెట్టింది. నేతితో, వేయించిన అప్పళంతో తినాలి. మా ఇంట్లోనూ చేస్తారు గాని అక్క చేతి అన్నంలో మిరియం ఘాటు వేరు. భోజనం అయ్యాక రామసామి మామతో మాట్లాడాను. డెబ్బై దాటిన మనిషి, నిటారుగా కూర్చుంటాడు, గొంతు ఎత్తడు.

"పిల్లోడు మంచోడే. నాకేం పగ? ఒకే పేరు అయినంక నేనేం చేసేది అల్లుడూ? నువ్వే గదా చెప్తివి."

అదే సమయానికి తోట నుంచి కొబ్బరికాయల బండి వచ్చింది. బండి తోలే సుందరం కాయలు దించుతూ తమిళంలో అన్నాడు, కొండ ఓరన ఒక కడమాన్ చచ్చి పడి ఉందని, రాత్రి అడవికుక్కలు తరిమినట్టున్నాయని.

మామ చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టాడు. లేచి పెరటిలోని పంపుసెట్టు దగ్గరికి పోయాడు. మోటారు వేసి, కట్టుకున్న పంచెతోనే నీటిధార కింద తల పెట్టాడు. వెనకే మా బావ వచ్చి అదే పని చేశాడు. చెల్లెల్ని పిలుచుకుని సరోజ కూడా. మా అక్క మాత్రం గట్టు మీద నిలబడి అందరికీ పొడిబట్టలు అందించింది.

"ఏమక్కా ఇది?"

"వీళ్ళింట్లో అంతే తంబీ. కడితి చచ్చిందని చెవిన పడితే తలకు పోసుకోవాల. పొద్దు మునిగేదాకా తినరు. నేనూ కాపురానికి వచ్చినంక పోసుకుంటి. ఈ పొద్దు ఒంట్లో బాగలేదని మామే వద్దన్నాడు."

ఇన్నేళ్ళుగా ఆ ఇంటికి వస్తూ పోతూ ఉన్నాను. ఒక్కసారీ చూడలేదు. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

కొండ ఓరన

ఖాళీ బండిలో సుందరంతో పాటు వెళ్ళి ఆ జంతువును చూశాను. పేరు గురించి అంత చదివాను గాని జంతువును అంత దగ్గరగా చూడటం అదే మొదలు. ఆడది. బూడిద కలిసిన గోధుమరంగు, ముతక వెంట్రుక, మెడ కింద జూలు లాంటి కుచ్చు. చెవులు నా అరచేతి కంటే పెద్దవి. అడవికుక్కలు తినగా మిగిలిన దేహం అది. అయినా కాళ్ళు మడిచి పడుకున్న తీరులో ఒక పెద్దరికం ఉంది. కళ్ళ మీద ఈగలు వాలుతున్నాయి.

"ఏమంగ, మీ సొందక్కారులా?" అని సుందరం నవ్వాడు. మీ చుట్టాలా అని.

"మా అక్క వాళ్ళకు" అన్నాను. అనేశాక ఆ మాట నన్ను వదల్లేదు. బండి తిరుగుముఖం పట్టిన దగ్గర నుంచి దాని గురించే ఆలోచించాను.

ఎవరు చనిపోయినా మనం తలకు పోసుకుంటామా? శవం దగ్గరికి పోతే పోసుకుంటాం. దూరంగా ఉండి, కబురు విన్న మాత్రాన పోసుకోవలసింది దాయాదులే. మైల వాళ్ళకే. అంటే ఈ ఇంటికి కడితి పేరు మాత్రమే కాదు, దాయాది. మదురైలోని కణుజు వాళ్ళు కూడా ఇలాగే స్నానం చేస్తే వీళ్ళూ వాళ్ళూ నిజంగానే ఒక తండ్రి బిడ్డలు, ఇక ఆ పెళ్ళి మాట ఎత్తకూడదు. చేయకపోతే, పేరు ఒకటైనా వంశం ఒకటి కాదు. నిఘంటువు ఈ సంగతి చెప్పదు. మదురై పోయి అడగాలి.

మామకు ఈ మాట చెప్పాను. అరుగు మీద కూర్చుని విన్నాడు.

"పో. అడిగి రా. స్నానం చేస్తారంటే ఇంగ మాట లేదు. చెయ్యరంటే అప్పుడు చూస్తాము. వాళ్ళేం చెప్తే అదే నాకు చెప్పాల. పిల్ల మీద ప్రేమతో నీ సొంత మాట కలిపేవు."

తలుపు వెనక గాజుల చప్పుడు వినబడి ఆగింది. సరోజ వింటున్నది.

మదురై

ఉడుమలైపేట నుంచి పళని, దిండుక్కల్ మీదుగా మదురైకి రైలు. పళనిలో గుండు గీయించుకున్న యాత్రికులు పెట్టె నిండా ఎక్కారు. నా ఎదురుగా కూర్చున్న ఒక పెద్దావిడ పంచామృతం డబ్బా తెరిచి అందరికీ అరచేతిలో పెట్టింది. నాకు పెట్టింది చేతిలో నుంచి జారి ఒళ్ళోని పుస్తకం మీద పడింది. గ్రంథాలయం పుస్తకం! నేను కంగారుగా తుడుస్తుంటే ఆమె "సామి ప్రసాదం పడితే బుక్కుకు పుణ్యమే" అన్నది. ఆ పుణ్యం ఇప్పటికీ రెండు పుటలను విడదీయనివ్వడం లేదు. అటెండరు ఇంకా చూడలేదు.

మదురైలో దిగగానే తెలిసేది గొంతు. మా కొంగునాడులో ప్రతి మాట చివరా ‘ంగ’ చేర్చి మెత్తగా అంటారు. తిట్టినా గౌరవంగానే ఉంటుంది. మదురైలో గౌరవించినా తిట్టినట్టుంటుంది. వీధి మూలలో పత్తిగింజల పాలు అమ్ముతున్నారు. పత్తిగింజలు నానబెట్టి, రుబ్బి, పిండి, బెల్లమూ శొంఠీ వేసి కాచిన పాలు. పుట్టినప్పటి నుంచి పత్తి మధ్యనే బతికాను గాని పత్తిని తాగింది అక్కడే. వేడిగా, చిక్కగా, బాగుంది. ఇంకో గ్లాసు తాగాను.

జగన్నాథన్ వాళ్ళది నాటుమందుల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. ఉడుమలైపేటలో పని ముగించుకుని తిరిగి వచ్చేసిన అతను ఆ పూట మిల్లుకు పోలేదు. నేనెవరో చెప్పగానే అంగడి గడప మీదే నిలబడిపోయాడు. లోపల శొంఠి, పిప్పళ్ళు, వేళ్ళు, బెరడుల మధ్య అతని అవ్వ అలమేలమ్మ కూర్చుని ఉంది.

"ఎవరురా?"

"కోయంబత్తూరు నుంచి, అవ్వా. సరోజ మామ."

"రాప్పా, రా. ఆ బుక్కు చూసి పెండ్లి నిలిపినాయన నువ్వేనా?"

"నేనేనంగ."

"ఇంగో, ఆ ‘ంగ’ వాకిట్లో ఇడిచిపెట్టి లోపలికి రా. నాకు పల్లు లేవు, దాన్ని నమలలేను" అని తన మాటకు తానే నవ్వింది.

పప్పు, వంకాయ పులుసు పెట్టింది. కారానికి నా కళ్ళలో నీళ్ళు తిరిగితే "ఏడవబాక, ఇంగా పెండ్లి మాట ఎత్తనే లేదు" అన్నది. తింటూ ఉండగానే ఒకామె దగ్గుతున్న పసిబిడ్డను ఎత్తుకుని వచ్చింది. అవ్వ లేచి గోడ మేకుకు వేలాడుతున్న ఒక పెద్ద కొమ్మును దించింది. మూడు కొమ్మలు వేసిన కొమ్ము. ఒక కొన అరిగి అరిగి నునుపై, దంతంలా మెరుస్తున్నది. సానరాయి మీద నీళ్ళు చిలకరించి ఆ కొనను అరగదీసి, ఆ గంధాన్ని బిడ్డ రొమ్ముకు పూసింది. బిడ్డ చల్లదనానికి కేరుమన్నాడు.

చేయి కడుక్కుని ఆ కొమ్మును చేతిలోకి తీసుకున్నాను. ఈ జింకలు కొమ్ములు రాల్చి మళ్ళీ పెంచుకుంటాయని చదివాను. రాలిన కొమ్ము అడుగున గుండ్రంగా ముగిసిపోతుంది. దీని అడుగున పుర్రె ఎముక ముక్క ఉంది.

"ఇది రాలింది కాదు గదా అవ్వా?"

"రాలేది వరకు కాచుకోని ఉంటారా? కొట్టిందిప్పా. మా మామనారికి నాయన సిరుమలై కొండలో తుపాకీతో కొట్టినాడు. అప్పట్నించి మాకు ఈ యాపారం. కణుజు కొమ్ము అరగదీసేవాళ్ళని ఊరు పిలిచింది, అదే ఇంటిపేరు ఆయె. అంతకుముందు వేరే పేరు ఉండిందంట, అది నాకు తెలీదు."

"మాంసం?"

"వీధంతా పంచినారంట. ఒక్క కణుజు కొడితే ఎంత కూర!"

కొమ్మును అవ్వ ఒళ్ళో పెట్టి, అడగవలసింది అడిగాను. "కణుజు చచ్చిందని వింటే మీ ఇంట్లో ఎవరన్నా తలకు స్నానం చేస్తారా?"

"స్నానమా? దేనికి?" అవ్వకు అర్థం కాలేదు. "తిన్నంక చెయ్యి కడిగింటారు."

నేను పైకే నవ్వేశాను. దాయాదులు కారు! జగన్నాథన్ ముఖం వెలిగింది. అయితే ఆ నవ్వు నా నోట్లో ఉండగానే ఇంకొకటి తట్టింది. ఈ మాట మామకు ఎలా చెప్పాలి? మీ దాయాది అనుకుని మీరు తలకు పోసుకునేదాన్ని వీళ్ళు కొట్టి, కూర వండుకుని, ఊరికి పంచారు. దాని ఎముకను గోడకు వేలాడదీసుకుని రోజూ అరగదీస్తున్నారు. అందుకని పిల్లను ఇవ్వవచ్చు అని చెప్పాలా? చెప్పకపోతే వాళ్ళు అన్నాచెల్లెళ్ళుగా మిగులుతారు. చెబితే మామ ఆ గడప తొక్కనే తొక్కడు.

"ఏంప్పా, నవ్వుతా నవ్వుతా ఇట్ల ముఖం మాడ్చుకుంటివి?"

ఉడుమలైపేటలో చూసింది అంతా చెప్పాను. పంపుసెట్టు, తడిపంచె, పొద్దు మునిగేదాకా ఉపవాసం. అవ్వ నవ్వలేదు. ఒళ్ళో ఉన్న కొమ్మును ఎత్తి చూసింది.

"అంటే మేము వాళ్ళ తాతను తిన్నట్టు."

"అవ్వా, కొమ్మును పెట్టెలో పెట్టేస్తే పోయె గదా? వాళ్ళకెట్ల తెలుస్తాది?" అన్నాడు జగన్నాథన్.

"నోరు మూయరా. పెట్టెలో ఎన్ని దినాలు పెడతావు? ఆ పిల్ల ఈ గోడ కిందనే గదా కాపురం చేసేది. ఒక దినం బిడ్డకు దగ్గు వస్తాది, నేను కొమ్ము దించుతాను, అప్పుడు ఆ పిల్ల నన్ను ఎట్ల చూస్తాది?" కొంగుతో కొమ్ము మీది తడి తుడిచింది. "నువ్వేం చెప్పబాకప్పా. నీ నోటికి ఇది భారం. నేనే వస్తా. దీన్ని ఎత్తుకోనే వస్తా."

మళ్ళీ ఉడుమలైపేట

తిరుగు ప్రయాణం బస్సులో చేశాం, అవ్వకు రైలు పడదు. పసుపు బట్టలో చుట్టిన కొమ్మును ఆమె ఒళ్ళో పెట్టుకుంది. ముందు సీటులో ఒకాయన వీపులో అది పొడుచుకుని రెండుసార్లు ఎగిరిపడ్డాడు. కండక్టరు వచ్చి "అవ్వా, ఏమి మూట? దీనికీ టికెట్టు కొట్టాలా?" అంటే, "కొట్టినోడు ఎప్పుడో పోయినాడు, నువ్వు మల్ల కొట్టబాక" అన్నది. కండక్టరుకు అర్థం కాలేదు. జగన్నాథన్ నవ్వలేక కిటికీ వైపు తిరిగాడు.

ఇంటికి చేరేసరికి సాయంత్రపు ఎండ ఇంకా ఉంది. రామసామి మామ అరుగు మీద ఉన్నాడు. అవ్వను చూసి లేచి నిలబడ్డాడు.

"రాండంగ. కూర్చోండంగ."

అవ్వ కూర్చోలేదు. నడవలో నిలబడే పసుపు బట్ట విప్పి కొమ్మును చాప మీద పెట్టింది. మా అక్క వెనక సరోజ నిలబడి ఉంది.

"అన్నా, మేము స్నానం చేసేవాళ్ళం కాము. ఇది కొట్టి తెచ్చింది. కొట్టింది మా పెద్దోళ్ళే. తిన్నారు. ఇప్పుడు పిల్లకాయలకు దగ్గు వస్తే అరగదీసి పూస్తాము. ఉండేది ఇంతే. దాచేదానికి ఏమీ లేదు."

మామ ఒంగి కొమ్మును చూశాడు. తాకలేదు. అడుగున ఎముక ఉన్న చోట చూపు ఆగింది.

"ఎవరి కాలంలో?"

"మా మామనారికి నాయన."

మామ భుజం మీది తువ్వాలు తీసి అరుగు మీద పెట్టి, పెరటి వైపు నడిచాడు. మోటారు చప్పుడు వినబడింది. నీళ్ళు తొట్టిలో పడుతున్న చప్పుడు. మా బావ లేవబోతే అక్క చేయి పట్టుకుని ఆపింది. ఎందుకు ఆపిందో ఆమెకూ తెలియదు, తరువాత అడిగితే చెప్పలేకపోయింది.

కాని సరోజ ఆగలేదు. తాత వెనకే పోయింది.

ఇద్దరూ తడిసి వచ్చారు. మామ పంచె నుంచి నీళ్ళు కారి నడవ అంతా మడుగైంది. అవ్వ ఎదుట నిలబడ్డాడు.

"మా తాతల కాలంలో పోయినాయన. మాకు కబురు ఇప్పుడు గదంగ వచ్చింది. తలకు పోసుకున్నాము. మైల తీరె." చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "పొద్దు మునిగినంక అన్నం తింటాము. మీరూ ఉండి తినండి. తాంబూలం రేపు మార్చుకుందాము."

మా అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అవ్వ అప్పుడు కూర్చుంది. కొమ్మును మళ్ళీ బట్టలో చుడుతూ అడిగింది.

"దీన్ని ఏం చేయాలన్నా? కొండలో పూడ్చమంటే పూడ్చేస్తా."

మామ ఆలోచించాడు.

"మా పిల్ల దీన్ని అరగదీయదు. అది మాత్రం అడగొద్దండి."

"అడగను. నేను అరగదీస్తా. మరి ఆ పిల్ల బిడ్డకే దగ్గు వస్తే?"

జగన్నాథన్ తల వంచుకున్నాడు. సరోజ తడి జడ పిండుకుంటూ ఆగిపోయింది. మామ ఈసారి ఆలోచించలేదు.

"బిడ్డకు దగ్గు వస్తే తాత వద్దంటాడా?"

మేలు చేసినవాళ్ళు

బీరువా తెరిచిన గ్రంథాలయం అటెండరు నంజప్పకు కృతజ్ఞుణ్ణి. అంటుకున్న రెండు పుటల సంగతి ఆయనకు ఈ రాత ద్వారానే తెలుస్తుంది. బస్సులో కొబ్బరికాయ ఇచ్చిన వ్యాపారి పేరు తెలియదు. ఆయన తల్లి ముత్తమ్మ పేరునే తలుచుకుంటున్నాను. కొండ ఓరకు తీసుకుపోయిన బండి సుందరానికి, అన్నం పెట్టిన కమలక్కకు, నిజం దాచమని చెప్పి మాట పడ్డ జగన్నాథన్‌కు, నిజం తానే ఎత్తుకుని వచ్చిన అలమేలవ్వకు కృతజ్ఞుణ్ణి. రామసామి మామకు చెప్పుకోవలసింది మాటల్లో లేదు. పోయిన తై మాసంలో, మన సంక్రాంతి నెలలో, ఆయన పోయాడు. నేను దాయాదిని కాను గనుక మైల నాకు లేదు. అయినా కబురు వచ్చిన రోజు మిల్లు కొళాయి కింద తలకు పోసుకున్నాను.

సరోజకు మరీ కృతజ్ఞుణ్ణి, అంతేనా ఉన్నది అని అడిగినందుకు. ఆమె కొడుకు ఇప్పుడు పాకుతున్నాడు. వాడికి ఇంతవరకు దగ్గు రాలేదు.